కదిరమ్మత్త అడిగిన జానెడు

కదిరమ్మత్త మా ఇంటికి వస్తోందని తెలిస్తే మా అమ్మ మొదట చేసే పని కాఫీపొడి డబ్బా దాచడం. ఆవిడ కాఫీ మామూలుగా తాగేది కాదు. గ్లాసు ఖాళీ కాగానే నేల మీద బోర్లించి, దాన్నే చూస్తూ కూర్చునేది. "ఏమ్మా నాగలక్ష్మీ, పొడి అయిపోయిందా, నేనొస్తాండానని అయిపోయిందా?" అని ముఖం మీదే అడిగేది. అమ్మ నవ్వి డబ్బా మళ్ళీ బయటికి తీసేది. ముక్కుపొడి పీల్చి కొంగుతో ముక్కు తుడుచుకునే మనిషి, నచ్చని ఇంటికి పనికి రమ్మంటే మోకాళ్ళ నొప్పులని అబద్ధం చెప్పే మనిషి. ఆవిడను దేవతను చేసి రాయడం నావల్ల కాదు. మా నాయనను బతికించిందని మాత్రం రాస్తాను.

ధర్మవరంలో మా వీధిలో మగ్గం లేని ఇల్లు లేదు. నిలువు పోగుల పడుగు ఒకటి నేయడం అయిపోతే కొత్త పడుగు తెచ్చి, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటే అతకాలి. వేలికొసలకు బూడిద రాసుకుని రెండు పోగులను కలిపి మెలివేస్తారు. అలాంటి పోగులు వేలల్లో ఉంటాయి. ఆ పని కదిరమ్మత్తది. మగ్గానికి అవతల ఆవిడ కూర్చుంటే, ఇవతల కూర్చుని నేతగాడు పోగుల పాయలు విడదీసి అందిస్తాడు. ఇద్దరి చేతులూ కళ్ళూ పట్టు మీదే ఉంటాయి. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకునే పనే ఉండదు. అలా ముఖం చూడకుండా కూర్చుంటే ఎంత గట్టి మనిషైనా ఏదో ఒకటి మాట్లాడతాడు.

మట్కా పిచ్చి పట్టి పెళ్ళాం పిల్లలను ఏడిపిస్తున్న కుళ్ళాయప్ప, కదిరమ్మత్త వాళ్ళింట్లో పడుగు అతికి వెళ్ళిన తరువాత మట్కా జోలికి పోలేదు. ఆయమ్మ ఏం చెప్పిందప్పా అని అందరూ పట్టుకుని అడిగితే, "ఆయమ్మ ఏం చెప్పలేదు. నేనే ఏందేందో చెప్పుకుంటి" అన్నాడు. ఈ జవాబు మా వీధికి ఏం సరిపోతుంది? కదిరమ్మ కొబ్బరిచిప్పలో పెట్టుకునే బూడిదలో మంత్రం ఉందని తేల్చేశారు. ఆవిడ భర్త ఎప్పుడో పోయాడు. ఎలా పోయాడో ఆవిడ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మా నాయన ముత్యాలప్ప దగ్గడం మొదలుపెట్టింది డెబ్భై ఎనిమిది ఎండాకాలంలో. ఆ ముందటేడు వానలు సరిగా పడలేదు. ఎండకు పట్టు పోగు ఎండి పుటుక్కున తెగుతుంటే మగ్గం చుట్టూ తడి గోనెసంచులు పరిచేవాళ్ళం. తాగడానికే నీళ్ళు లేని ఊళ్ళో గోనెసంచులు తడపడానికి అమ్మ ఎవరెవరితోనో పోట్లాడి బిందె తెచ్చేది. దుమ్ము వల్ల దగ్గు అన్నాడు నాయన. తరువాత పట్టు నూగు గొంతులో పడిందన్నాడు. చొక్కా భుజాల మీద నిలవనంతగా చిక్కిపోయాక ఏ కారణమూ చెప్పడం మానేశాడు.

అంచు వేరే రంగులో ఉండే పెళ్ళిచీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కావాలి. అంచు వైపు అడ్డపోగు దాటించే నాడె వేయడానికి నాయన పక్కన నేను కూర్చునేదాన్ని. నాకప్పుడు పావడా, ఓణీ వేసే వయసు. నాడెలో పోగు చుట్టిన కండె అయిపోతే కొత్త కండె పెట్టి, నాడెకున్న చిన్న రంధ్రం దగ్గర నోరు పెట్టి గట్టిగా పీలిస్తే పోగు కొస బయటికి వస్తుంది. మా తాతలూ అలాగే పీల్చారు, మేమూ అలాగే పీల్చేవాళ్ళం. నా నాడెలో కండె అయిపోతే ఒక్కోసారి నాయనే మార్చి, పోగు పీల్చి నా చేతికిచ్చేవాడు. ఆయనది అయిపోతే నేను అదే పని చేసేదాన్ని. రోజంతా ఒకరి నోటి తడి ఇంకొకరి నోటికి తగిలేది. అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు.

ఒకరోజు నాయన దగ్గి, మగ్గం గుంతలోకి వంగి ఉమ్మేశాడు. తరువాత కాలితో మట్టి లాగి దాని మీద కప్పాడు. గుంతలో నా కాళ్ళు ఆయన కాళ్ళ పక్కనే ఉన్నాయి. మట్టి పూర్తిగా కప్పకముందే నాకు నెత్తుటి ఎరుపు కనిపించింది. నాయన నా వైపు తిరగకుండానే, "మీయమ్మకు చెప్పొద్దు పాపా" అన్నాడు.

నేను చెప్పలేదు. అన్నం తింటుంటే ఆ ఎరుపు కనిపించేది. ఆయన ఎడమకాలు మట్టి లాగడం కోసం కదిలిన ప్రతిసారీ నా అరికాళ్ళు చల్లబడేవి. చెబితే నాయనకు కోపం వస్తుందని భయం, చెప్పకపోతే నాయన పోతాడని భయం. రెండు భయాల మధ్య నాడె వేస్తూ కూర్చునేదాన్ని. ఒంటిమీద ఎవరైనా చెయ్యి వేస్తే ఉలిక్కిపడేదాన్ని.

అమ్మకు దిండుగుడ్డ మీద మరక చూసి తెలిసింది. మా అమ్మ నెమ్మదిగా మాట్లాడే రకం కాదు. ఆసుపత్రికి పోతావా లేదా అని అరిచింది, చౌడేశ్వరమ్మ మీద ఒట్టు పెట్టింది, నన్ను తెచ్చి ఆయన ముందు నిలబెట్టి "దీన్ని యెవరి చేతిలో పెట్టిపోతావు?" అంది. చాలదన్నట్టు మా మేనమామ ఎర్రన్నను పిలిపించింది. ఆయన వచ్చి, నడవలో నిలబడి, "ఇది క్షయ బావా. ఇంట్లో అందరికీ అంటుకుంటాది. తెలిసీ కూర్చున్న్యావంటే నువ్వు మనిషివేనా?" అని వీధికంతా వినబడేలా అడిగాడు. నాకు ఉపదేశాలంటే ఒళ్ళుమంట పుట్టింది ఆ రోజునే.

నాయన మగ్గం గుంతలోంచి లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా రైలు స్టేషను వైపు వెళ్ళిపోయాడు. ధర్మవరం జంక్షను కాబట్టి ఏదో ఒక బండి వస్తూ పోతూనే ఉంటుంది. ఆ సాయంత్రం కూత వినబడినప్పుడల్లా అమ్మ గోడ పట్టుకునేది. ఎర్రన్న మామ పట్టాల వెంబడి వెతకడానికి వెళ్ళాడు. ఏం వెతకడానికి వెళ్ళాడో నాకు తెలుసు. పొద్దుగుంకాక నాయనే వచ్చాడు, ఏమీ జరగనట్టు కాళ్ళు కడుక్కున్నాడు, అన్నం తిన్నాడు. ఆ తరువాత మా ఇంట్లో దగ్గు గురించి ఎవరూ నోరెత్తలేదు. అరుపులున్నప్పుడే నయం. ఆ మౌనంలో ఆయన దగ్గే ప్రతి దగ్గూ స్పష్టంగా వినిపించేది.

అలాంటి సమయంలో మా పడుగు అయిపోయింది. కదిరమ్మత్త వచ్చింది.

వచ్చిన పూట అమ్మ ఆవిడను వంటింట్లోకి లాక్కుపోయి అంతా చెప్పి ఏడ్చింది. "నువ్వే ఎట్లన్నా చెప్పక్కా. నీ మాటయితే వింటాడు."

"నువ్వు చెప్పినావు సరే. ఆయప్ప నాకు చెప్పలేదు కదా" అంది కదిరమ్మత్త.

"నీకు భయం లేదా అక్కా ఈ ఇంట్లో కూర్చోవడానికి?"

"భయం లేకేమి. రాత్రి నిద్ర పట్టదు నాకు. ఇంటికి పోయి ఉప్పునీళ్ళతో పుక్కిలిస్తా. కాఫీ ఇయ్యి."

ఆ రోజంతా ఆవిడ మాట్లాడింది పోగుల గురించే. రంగు బాగా పట్టింది అంది. పోయినసారి నాయన నేసిన మామిడిపిందెల అంచు చీరను ఎవరిదో పెళ్ళిలో చూశానని, ఆ అంచు ఎక్కడా వంకర పోలేదని, అలాంటి చెయ్యి ఈ వీధిలో ఇంకొకరికి లేదని చెప్పింది. నాయన ముఖం కొంచెం తేటపడింది. ఆయన దగ్గినప్పుడు ఆవిడ చేతులు ఆగలేదు, తల ఎత్తలేదు. మధ్యాహ్నం తరువాత మాత్రం, "ముత్యాలప్పా, ఒక మాట అడగాలని ఉండాది. వద్దంటే అడగను" అంది.

"ఆసుపత్రి మాటయితే వద్దు."

"సరే" అంది కదిరమ్మత్త. ఇంకో పోగు తీసుకుంది.

సరే! గుమ్మం దగ్గర కండెలు చుడుతున్న నాకు ఆ మాట వినగానే మండిపోయింది. ఇంత పేరు మోసిన ఆవిడ ఒక్క మాటకు తోక ముడిచిందా అనిపించింది. మా అమ్మ అయితే ఆశ ఆవిడ మీద నుంచి పూర్తిగా బూడిద మీదికి మార్చేసింది. కదిరమ్మత్త కాళ్ళు చాపుకోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు కొబ్బరిచిప్పలోంచి చిటికెడు కాదు, చారెడు బూడిద తీసి మజ్జిగలో కలిపి నాయనకు ఇచ్చింది. నాయన ఒక గుక్క తాగి ముఖం అదోలా పెట్టాడు. కదిరమ్మత్త తిరిగి వచ్చి చిప్పలోకి చూసి, నాయన మీసాలు చూసి, అమ్మను చూసింది. "అది మా పొయ్యిలోని కందికట్టె బూడిదమ్మా. గిన్నెలు తోముకో, బాగా తెల్లబడతాయి" అంది. చాలా రోజుల తరువాత నాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, ఆగక, ఆయన గోడకు తల ఆనించి కళ్ళు మూసుకునేదాకా సాగింది. ఎవరికీ నవ్వు మిగల్లేదు.

మర్నాడు పొద్దున పాయలు విడదీస్తూ నాయనే మాట కదిపాడు.

"నిన్న ఏమో అడుగుతానంటివి."

"అడగొచ్చునా?"

"అడుగు. పో అని మాత్రం చెప్పొద్దు."

"చెప్పను. ఆసుపత్రికి పోకుంటే నీకేం మేలో అది చెప్పు. ఊరికే మొండికేసే మనిషివి కాదు నువ్వు. ఏదో ఉంటాది."

పోకపోతే ఎంత కీడో చెప్పినవాళ్ళే అందరూ. మేలేమిటని అడిగినవాళ్ళు లేరు. నాయన చేతులు నెమ్మదించాయి.

"పోకుంటే నేను నేతగాన్ని. పోతే రోగిస్టోన్ని" అన్నాడు. "మనం నేసేది పెండ్లిచీర అక్కా. పసుపు పెట్టి, దేవుని ముందర పెట్టి పెండ్లికూతురికి ఇస్తారు. క్షయ ఉన్నోని చేతి చీర అని తెలిస్తే యెవరు కట్టుకుంటారు? సావుకారి నరసింహప్ప మళ్ళా నాకు పట్టు ఇస్తాడా? నాకు సావంటే భయం లేదు."

కదిరమ్మత్త నాలుగైదు పోగులు అతికింది. భయం లేదంటావేమప్పా అని ఎర్రన్న మామ లాగా ఎదురుతిరుగుతుందని, నాయన మళ్ళీ లేచి స్టేషను వైపు పోతాడని, ఈసారి రాడని నాకు భయం.

"సావంటే భయం లేదు. ఆ మాటంటే భయం" అంది ఆవిడ.

"అవు" అన్నాడు నాయన. ఆ ఒక్క మాట అని గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఇన్నాళ్ళూ ఒక్కనివే మోసుకుంటాండావు దీన్ని."

"యెవరికి చెప్పుకోను? చెప్పకముందే అరుస్తారు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. కదిరమ్మత్త అమ్మను వెనకేసుకురాలేదు, నాయనకు వంత పాడనూ లేదు. ఇంకొన్ని పోగులు అతికి, అప్పుడు అడిగింది.

"ఇంకో మాట. చీర పన్నెండు మూరలు కదా. ఆసుపత్రికి పోవాలని నీ మనసులో ఎంత నేసినావు ఇప్పటికి? ఏమీ లేదంటే లేదను. నేనేం అనుకోను."

కొలత అడిగితే అబద్ధం చెప్పడం ఏ నేతగాడికీ చేతకాదు.

"జానెడు" అన్నాడు నాయన.

నాకు ఏడుపొచ్చింది. పన్నెండు మూరల్లో జానెడు! ఆ జానెడు అయ్యేలోపే మనిషి అయిపోతాడు. వంటింటి గుమ్మంలో అమ్మ తల కొట్టుకుంటోంది. కదిరమ్మత్త మాత్రం మంచి వార్త విన్నట్టు తల ఊపింది.

"జానెడు తక్కువేం కాదు. మొదలే పెట్టకుండా ఉండొచ్చు కదా నువ్వు. ఆ జానెడన్నా యానికి నేసినావు?"

నాయన చేతిలో పోగులు అలాగే ఉండిపోయాయి. కదిరమ్మత్త తొందరపెట్టలేదు. వీధిలో పక్కిళ్ళ మగ్గాలు దడదడ మోగుతున్నాయి.

"పాప" అన్నాడు నాయన చివరికి. "నేను నోట్లో పెట్టుకున్న నాడెనే పాప నోట్లో పెట్టుకుంటాది. చూస్తానే ఉంటా నేను. చూసి, మళ్ళా కండె మార్చి, పీల్చి, దాని చేతికే ఇస్తా. నా చేతులతోనే ఇస్తాండా అక్కా."

మా నాయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. పోగుల మీద కన్నీళ్ళు పడకుండా తల పక్కకు తిప్పుకుని ఏడ్చాడు. పట్టు మీద మరక పడకూడదు కదా. కదిరమ్మత్త ముక్కుపొడి డబ్బీ తీసింది, పీల్చలేదు, మళ్ళీ లోపల పెట్టుకుంది.

"ఇప్పుడేం చేద్దామనుకుంటాండావు?"

"పాప రేపట్నుంచి మగ్గమెక్కదు. నేను పొద్దుట బండికి అనంతపురం పోతా. ఈడ చూపించుకోను. ఆడయితే నన్ను ఎరిగినోళ్ళు లేరు."

"అట్లనే కానీ" అంది కదిరమ్మత్త. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, ఏదో అనబోతూ పరుగున వచ్చింది. అమ్మ ఏమంటుందో ఆ దేవుడికే తెలుసు. ఈ మాట మొదటే చెప్పి ఉంటే అనో, నేను చెబితే చెవికెక్కలేదా అనో. కదిరమ్మత్త ఖాళీ గ్లాసును ఎత్తి అమ్మ ముఖం ముందు పెట్టింది. "నాగలక్ష్మీ, కాఫీ!" అంది. అమ్మ నోరు మూసుకుని గ్లాసు తీసుకుపోయింది.

పోయేముందు కదిరమ్మత్త జడలోని పిన్ను తీసి, పళ్ళతో సాగదీసి, కొస కొక్కెం లాగా వంచి నాయనకు ఇచ్చింది. నాడె రంధ్రంలోంచి పోగు లాగడానికి. మా ఇంట్లో మళ్ళీ ఎవరూ నాడెకు నోరు పెట్టలేదు.

మర్నాడు నాయన తువ్వాలు ముఖానికి చుట్టుకుని అదే స్టేషనుకు, అదే దారిలో వెళ్ళాడు. ఈసారి చెప్పి వెళ్ళాడు, అంతే తేడా. పట్టాలు అవే కదా. అమ్మా నేనూ సాయంత్రం బండి వచ్చేదాకా నీళ్ళు కూడా తాగలేదు. ఆయన వీధి మలుపులో కనిపించినప్పుడు అమ్మ ఎదురు పోలేదు, ఏమీ అడగలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఆ రోజు ఆమె నోరు కట్టుకోవడం వెనక ఎంత కష్టముందో నాకు తెలుసు. నాయన చేతిలో మందుల పొట్లం ఉంది.

క్షయే. ఏడాదిన్నర మందు తినాలన్నారు. మొదట్లో ఊళ్ళోనే ఒక కాంపౌండరు దగ్గర సూది వేయించుకునేవాడు. చెవుల్లో గుయ్‌మని మోగేది, తిన్నది కక్కుకునేవాడు. ఆయన భయపడిందీ జరిగింది. సావుకారి నరసింహప్పకు తెలిసింది. "బాగయినాక చూద్దాంలే ముత్యాలప్పా" అని పెళ్ళిచీరల పట్టు ఆపేసి, మామూలు చీరల పట్టు ఇచ్చాడు. నాయన ఆ రోజు అన్నం ముట్టలేదు. మాత్రలు మాత్రం వేసుకున్నాడు. నన్ను మగ్గం ఎక్కనివ్వలేదు. నా చోట్లో ఒక పీట పెట్టి దాని మీద నీళ్ళచెంబు పెట్టుకున్నాడు. ఆ చెంబు మీద నాకున్నంత కోపం ఎవరి మీదా ఉండేది కాదు.

కొన్ని నెలలకు దగ్గు తగ్గింది. ఒళ్ళు చేసింది. అప్పుడు మొదలైంది ఇంకో భయం. మళ్ళీ పడుగు అతకడానికి కదిరమ్మత్త వచ్చినప్పుడు నాయన హుషారుగా, "నాకు బాగయిందక్కా. ఇంక మాత్రలు యానికి?" అన్నాడు.

"బాగయిందనిపిస్తాండాది నీకు. సంతోషం" అంది ఆవిడ. "డాక్టరు ఏం చెప్పినాడో నీకు తెలుసు. నాకు తెలిసిందొకటుండాది. వింటానంటే చెప్తా."

"చెప్పు."

"మా ఆయప్పదీ ఇదే రోగం. ఇట్లనే బాగయిందనిపించింది. మాత్రలు మానేద్దునా అంటే నేను తిట్టినా. ఏడ్చినా. చౌడమ్మ మీద ఒట్టు వేయించుకున్న్యా. నా ఎదురుగా మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగేవాడు. ఆయన పోయినాక జగలి అరుగు కింద తవ్వితే మూటగట్టి పూడ్చినవి దొరికినాయి. అన్నీ నోట్లోంచి తీసినవే." ఆవిడ గొంతు మారలేదు. "నేను తిట్టినందుకే నాకు కనబడకుండా దాచినాడు ముత్యాలప్పా. నువ్వు నాకేం చెప్పాల్సిన పని లేదు. నీ ఇష్టం."

ఆ సాయంత్రం నాయన గ్లాసు నిండా నీళ్ళు తీసుకుని నడవలోకి వచ్చి, మాత్ర వేసుకుని, నోరు తెరిచి అమ్మకు చూపించాడు. అమ్మ చూడనంది. చూడు అన్నాడు. కొన్నాళ్ళు అదే వాళ్ళిద్దరి సరసం అయిపోయింది. ఏడాదిన్నరా తిన్నాడు.

నరసింహప్ప మళ్ళీ పెళ్ళిచీరకు పట్టు ఇస్తానన్న రోజుల్లోనే నాకు సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం మొదలైంది.

అప్పుడే కొత్తచెరువు నుంచి నాకొక సంబంధం వచ్చి వెళ్ళింది. వాళ్ళు ఏ మాటా చెప్పలేదింకా. నాకు దగ్గు వస్తోంది. ఏం దగ్గో నాకు తెలుసు, నాకన్నా బాగా ఎవరికి తెలుసు? తెలిసీ దాచాను. వెనక నాయనను మనసులో ఎన్ని తిట్టుకున్నానో, అదే పని చేశాను. మా ఇంట్లో దగ్గు దాచడానికి ఒక మంచి మార్గం ఉంది. పోగు బిగించడానికి వేసే మగ్గం దెబ్బ పడినప్పుడు దగ్గితే ఎవరికీ వినబడదు. నాయన ఒక దెబ్బ వేసేవాడు, నేను పెరటి గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆ దెబ్బలో దగ్గేదాన్ని. రాత్రి మగ్గం ఆగాక దగ్గు ఆపుకోవడానికి నాలుక కొరుక్కునేదాన్ని. పడుకుంటే నాయన గుంతలోకి లాగిన మట్టి కనిపించేది. నేను పోతానని, పోయేముందు అందరికీ తెలుస్తుందని, రెండూ ఒకేసారి భయం.

ఒక మధ్యాహ్నం దగ్గు ఎగదన్నుకొచ్చింది. దెబ్బ కోసం ఆగాను. దెబ్బ పడింది, దగ్గాను. మళ్ళీ దెబ్బ, మళ్ళీ దగ్గు. మూడోసారి నాయన చెయ్యి ఎత్తాడు, దెబ్బ వేయలేదు. నా దగ్గు ఒక్కటే ఇల్లంతా వినబడింది.

నేను గుమ్మంలోనే కొయ్యబారిపోయాను. ఆయనా ఒకప్పుడు దెబ్బల మాటునే దగ్గి ఉంటాడని నాకు అప్పుడు తట్టింది. లేకపోతే ఎలా కనిపెట్టాడు?

గుంతలోంచి లేచి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. అరుస్తాడనుకున్నాను. ఆయన పట్టు పోగుల కట్ట, చిలప ఒకటి తెచ్చి, ఒక కొస నా చేతుల్లో పెట్టి, ఇంకో కొస తాను పట్టుకుని నా ఎదురుగా కూర్చుని చిక్కు తీయడం మొదలుపెట్టాడు. అందులో పెద్ద చిక్కేమీ లేదు.

"పాపా, ఒక మాట అడగాలని ఉండాది. వద్దంటే అడగను."

జీవితంలో ఎవరినీ దేనికీ అనుమతి అడగని మనిషి మా నాయన.

"వద్దు" అన్నాను.

"సరే" అన్నాడు. చిలప చుట్టేసి లేచి వెళ్ళి మగ్గంలో కూర్చున్నాడు. ఆ సరే వింటే ఎంత భయమేసిందో చెప్పలేను. తిడితే ఎదురు తిట్టొచ్చు. సరే అంటే ఏం చేయాలి? రాత్రంతా ఆ మాట నా పక్కనే పడుకుంది. అమ్మకు ఆయన చెప్పలేదని పొద్దున అమ్మ ముఖం చూస్తే తెలిసింది. కదిరమ్మత్త ఊళ్ళో లేదు, చిలమత్తూరులో చెల్లెలింటికి పోయింది. ఆవిడ వచ్చేదాకా ఆగుదామని కూడా అనుకున్నాను. ఆగలేకపోయాను.

మగ్గం దగ్గరికి వెళ్ళి, నా చోట్లో పీట మీద ఇంకా ఉన్న ఆ చెంబును కింద పెట్టి, పీట మీద కూర్చున్నాను.

"నిన్న ఏమో అడుగుతానంటివి నాయనా."

"అడగొచ్చునా?"

తల ఊపాను. ఆయన నన్ను చూడలేదు. ముందున్న పోగులనే చూస్తున్నాడు.

"ఎన్ని మూరలు నేసినావు?"

"ఏమీ లేదు" అన్నాను. తరువాత, కొలత కాబట్టి, "బెత్తెడు" అన్నాను.

"బెత్తెడు" అన్నాడు నాయన. "ఆ బెత్తెడన్నా యానికి నేసినావమ్మా?"

కొత్తచెరువు వాళ్ళ గురించి చెబుదామనుకున్నాను. అమ్మ గురించి చెబుదామనుకున్నాను. నోరు తెరిస్తే అవేవీ రాలేదు. ఆ రోజు గుంతలో ఎరుపు చూసినప్పటి నుంచి లోపలే పెట్టుకున్నది వచ్చింది.

"నాకు సచ్చిపోవాలని లేదు నాయనా."

ఆయన నన్ను ఊరుకోమనలేదు, ఏం కాదులే అనలేదు. రెండు చేతులతో మగ్గం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"సచ్చిపోవాలని లేదు నీకు" అన్నాడు నెమ్మదిగా.

నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఆపుకోకుండా దగ్గుతుంటే, ఆయన పక్కనే కూర్చుని విన్నాడు. మర్నాడు ఇద్దరం అనంతపురం బండికి బయలుదేరాం. వీధిలో ఎరిగినవాళ్ళు ఎదురొచ్చి, యాడికి ముత్యాలప్పా అని అడిగారు. నాయన తువ్వాలు భుజం మీదే ఉంచుకుని, "ఆసుపత్రికి పోతాండాం, పాపకు బాగలేదు" అని చెప్పాడు.